మూడు గళ్ళ పేజీ

అడిగింది మూడు గళ్ళే:
ఇంటి నంబరు, ఎన్ని లీటర్లు, ఏ పూట.
కింద ఒక బటన్, నీళ్ళు పంపండి అని.

ఏప్రిల్. వర్తూరు వైపు బోర్లన్నీ
గొంతెండి గాలి దగ్గుతున్నాయి.
మా ఆఫీసు ఏడో అంతస్తులో
కాఫీ మెషిన్ మీద కూడా "నేడు సెలవు" అని చీటీ.
నేను మొదటి కమాండు కొట్టాను.
ఖాళీ ఫోల్డరులోకి
పదకొండు వందల నలభై ప్యాకేజీలు దిగాయి,
పిలవని పెళ్ళికి లారీలో వచ్చిన బంధువుల్లా.
ఎవరు ఎవరి తరఫో అడిగే ధైర్యం లేదు,
అందరికీ ఆకు వేశాను.

గడిలో అంకె పడిందో లేదో చూడ్డానికి ఒకటి.
ఆ ఒకటిని కనిపెట్టుకుని ఉండటానికి ఇంకొకటి.
పాత ఫోన్లకి వీళ్ళ భాష రాదని
మధ్యన ఒక దుబాసీ.
దుబాసీ లావెక్కితే కుదించే యంత్రం,
యంత్రానికి సెట్టింగుల ఫైలు,
ఫైలుకి ఒక తనిఖీదారు.
గోచీని ఎలుక కొరికిందని పిల్లిని తెచ్చుకున్న సన్యాసి
నా భుజం మీంచి తెరలోకి తొంగి చూసి
"ఆవు ఈనిందా తల్లీ?" అన్నాడు.

పందొమ్మిది రోజులు పట్టింది.
తెర పైనుంచి ఒక నీటిబొట్టు జారి
పగిలి, బటన్‌గా మారుతుంది.
ఆ బొట్టు ఒక్కటే రెండు ఎంబీలు.
అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

గంగులప్పది చింతామణి పక్క పల్లె.
ఆరువేల లీటర్ల ట్యాంకరు, మూల పగిలిన ఫోను.
గుంజూరు బోరు దగ్గర వరసలో నిలబడి
తెర మీద తిరిగే సున్నాని చూస్తూ ఫోన్ చేశాడు:
"ఏమ్మా, నా బండి నిండేదానికి పన్నెండు నిమిషాలు.
నీ పేజీ ఇంకా నిండ్లేదు."
నెట్‌వర్కు సరిగా లేదేమో అన్నాను.
"నెట్టుదా తప్పు," అన్నాడు, అడిగినట్టు కాదు.

ఆ రాత్రి పీజీ గదిలో
మహిజ నిద్రపోయాక, ఫ్యాను చప్పుడులో
ఒక్కొక్కటే పీకుతూ కూర్చున్నాను.
ఒక ప్యాకేజీ పని, అంకె బేసి అవునో కాదో చెప్పడం.
తెరిచి చూస్తే నాలుగు లైన్లు.
అది అంకె అవునో కాదో తెలియక
ఇంకో ప్యాకేజీని అడుగుతోంది.
నోరు మూసుకుని నవ్వాను, మహిజ లేస్తుందని.

నాలుగింటికి మిగిలింది పదకొండు కేబీలు.
రేషన్ చీటీలా బోసిగా ఉంది.
వేలు ఆనకముందే తెరుచుకుంది.
లింకు గంగులప్పకి పంపి పడుకున్నాను,
ఇల్లు ఊడ్చుకున్న దానిలా.

పొద్దున మీటింగులో శ్రీవత్సన్ కళ్ళద్దాలు తీశాడు.
"బొట్టేది?"
ఎవరు ఏ గడి దగ్గర ఎన్ని సెకన్లు ఆగారో
ఆ లెక్కలేవి? నెలాఖరుకి చూపించాల్సిన గ్రాఫేది?
మధ్యాహ్నానికి బొట్టు తిరిగొచ్చింది.
బొట్టు వెంట బంధువులందరూ వచ్చారు.
ఈసారి పదకొండు వందల నలభై మూడు.
ఆ ముగ్గురెవరో నాకిప్పటికీ తెలీదు.

మే మొదటి వారం, మా పీజీకే వచ్చింది ట్యాంకరు.
గంగులప్ప పైపు బిగిస్తున్నాడు.
ఎడమ అరచేతిలో నీలి సిరాతో మూడు వరసలు:
ఇంటి నంబరు, ఎన్ని లీటర్లు, ఏ పూట.
"పేజీ తెరుచుకోవట్లేదా?"
"తెరుచుకుంటాదిమ్మా. సాయంత్రానికి."

పైపు మూతి దగ్గర నీళ్ళు చిమ్మి
అతని చేతిలో ఒక నాలుగు
తొమ్మిదిలా అలుక్కుపోయింది.
ఎవరింటికో ఇవాళ బిందెలు ఖాళీగా ఉండిపోతాయి.
నా పేజీ ఈ తప్పు ఎన్నడూ చెయ్యదు,
తెరుచుకుంటే.

చెయ్యి చొక్కాకి తుడుచుకుని
"పెన్నుందామ్మా?" అన్నాడు.
లాప్‌టాప్, రెండు ఛార్జర్లు, చిక్కుపడ్డ తీగలు.
ఉండాలి ఎక్కడో,
వెతుకుతున్నాను.